చిన్నతెర - సాత్త్వికాభినయం

మంపలో పట్టుబడిన అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చి చంపారు. ఆ ఘట్టాన్ని అభినయించే నటునికి పెద్ద పరీక్షే. భరతుడు చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలలో మొదటిది బంధితునికి దక్కదు. రంగస్థలం మీద ఆ లోటును కంఠం తీరుస్తుంది. కడపటి వరుసను చేరవలసింది అదే కదా! 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. చింతపల్లి అడవుల్లో చిత్రీకరించిన ఆ కథకు విశాలమైన తెర మీద కొండలు కూడా తోడు నిలిచాయి.

బుల్లితెరకు ఆ వైశాల్యం లేదు. కెమెరా తరచూ ముఖం మీదనే నిలుస్తుంది. నాటకంలో రాణించిన కనుబొమల విరుపు ఇక్కడ అతిగా తోస్తుంది. పైగా ధారావాహికలలో ఎందరో నటులకు గొంతు అరువిచ్చేది వేరొకరు. చేతులు బంధించబడి, గొంతు పరాయిదైతే మిగిలేది చూపు ఒక్కటే.

చిత్రీకరణ కథాక్రమంలో సాగదు. ఉదయం మరణఘట్టం, మధ్యాహ్నం తల్లి వద్ద సెలవు తీసుకొనే ఘట్టం తీయవచ్చు. అయినా ఆ తల్లిని తలచుకొన్న తడి ఉదయమే కంట మెరవాలి. గ్లిజరిన్ కన్నీటిని ఇస్తుంది గాని ఈ తడిని ఇవ్వలేదు. అది రవ్వంత ఎక్కువైతే చాలు, తుపాకుల ఎదుట నిలిచిన వీరుడు భయపడ్డాడని ఇంటింటా ప్రేక్షకులు పొరబడతారు.