దడ పుట్టించే ఆట, ఊపిరి తీసుకోనిచ్చే ఆట

కలిగిరి చుట్టుపక్కల పొగాకు ఎండబెట్టే బ్యారన్లకు మంట పెట్టే రోజుల్లో కుర్రవాళ్లకు రాత్రి కాపలా తప్పదు. ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనె దాకా ఎండేవరకు కొన్ని రోజుల పాటు వేడిని ఒక క్రమంలో పెంచుకుంటూ పోవాలి. మంట ఆరకూడదు, అదుపు తప్పకూడదు. మెలకువగా ఉండడానికి చేతిలో ఫోను ఉంటుంది. ఆ కాలంలోనే ఒక రైతుబిడ్డ నా దగ్గరికి వచ్చాడు.

"రాత్రిళ్లు గుండె గబగబా కొట్టుకుంటా ఉండాది సార్. చేతులకు చెమట పడతా ఉండాది. తెల్లారి పడుకున్నా నిద్ర రాదు" అన్నాడు.

నాడి, రక్తపోటు చూశాను. ఈసీజీ తీయించాను. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాను. దడ అని వచ్చిన మనిషిని "ఏమీ లేదు, భయపడుతున్నావు" అని పంపేయకూడదు. ఇవన్నీ చూశాకే మిగతా సంగతులు అడగాలి. అతనికి అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"దడ ఏ సమయంలో మొదలవుతుంది నాయనా?"

"జోన్ చిన్నదయ్యేటప్పుడు సార్. ర్యాంకు పోతాదేమోనని."

అతను ఆడుతున్నది బీజీఎంఐ. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించాక, 2021 జులైలో మన దేశం కోసం ప్రత్యేకంగా విడుదలైన ఆట. అందులో 100 మంది ఒక దీవిలో దిగుతారు. క్షేమంగా ఉండగలిగే వలయం అంతకంతకూ కుంచించుకుపోతుంది. నలుగురి చొప్పున 25 జట్లు దిగితే గెలిచేది ఒక్క జట్టే. ర్యాంకు కోసం ఆడేటప్పుడు ముందే చనిపోతే పాయింట్లు తగ్గుతాయి. మధ్యలో లేచిపోతే జట్టువాళ్లు మైకులో తిడతారు. బ్యారన్‌లో వేడి చూడడానికి లేవాలి, ఆట మధ్యలో లేవడానికి వీల్లేదు. ఈ రెండింటి మధ్య ఆ కుర్రవాడు తెల్లవార్లూ నలిగిపోతున్నాడు.

ప్రమాదం తెరమీదిదే అయినా శరీరం ఇచ్చే జవాబు నిజమైనదే. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు తడుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఇదంతా పరుగెత్తడానికో పోరాడడానికో జరిగే ఏర్పాటు. కూర్చున్నచోటి నుంచి కదలని మనిషిలో ఆ ఉద్రేకానికి బయటికి దారి ఉండదు. అది సద్దుమణిగేలోపే ఇంకో ఆట మొదలవుతుంది. అలాంటి స్థితిలో పడక ఎక్కితే నిద్ర ఎలా పడుతుంది?

ఇలాంటి పిల్లలకు నేను చెప్పే విషయం ఒకటుంది. చదరంగం ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో కొలిచే పద్ధతిని అర్పాద్ ఎలో అనే ఆచార్యుడు రూపొందించాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని 1970లో స్వీకరించింది. నేటి ఆన్‌లైన్ పోటీల్లో చాలావాటికి మూలం ఆ ఆలోచనే. నీ స్థాయి పెరిగేకొద్దీ నీకు తగ్గ ప్రత్యర్థినే ఎదుట నిలబెడతారు. ఎంత బాగా ఆడినా ఓటములు వస్తూనే ఉంటాయి. "ఇంకొంచెం పైకి పోతే ప్రశాంతంగా ఉంటాను" అనుకునే పిల్లవాడికి ఆ ప్రశాంతత ఏ మెట్టు మీదా దొరకదు. తప్పు అతని చేతిలో లేదని తెలిస్తేనే సగం భారం దిగుతుంది.

ఉదయగిరి వైపు నుంచి ఇంటర్ చదివే అమ్మాయిని తల్లి తీసుకొచ్చింది. "హాస్టలు నుంచి సెలవలకొచ్చినప్పటి నుంచీ అన్నం సరిగ్గా తినడంలా సార్. ఫోను మోగితే ఉలిక్కిపడతా ఉండాది." తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాక అమ్మాయి నోరు విప్పింది. స్నేహితులతో కలిసి తుపాకుల ఆట ఆడుతుంది. మైకులో ఆడపిల్ల గొంతు వినగానే ముక్కూ మొహం తెలియనివాళ్లు బూతులు మొదలుపెడతారు. ఓడిపోతే స్నేహితుల గ్రూపులో నింద తన మీదికే వస్తుంది. ఆట మానేస్తే స్నేహం పోతుందని భయం. ఫోను లాక్కుని ఉంటే ఆమెకు మిగిలిన తోడు కూడా పోయేది. ఇద్దరు నమ్మకమైన స్నేహితురాళ్లతో మైన్‌క్రాఫ్ట్‌లో క్రియేటివ్ పద్ధతిలో ఆడి చూడమన్నాను. అందులో ప్రాణాలు పోవు, గెలుపోటములు లేవు, ఇటుక మీద ఇటుక పేర్చి నచ్చింది కట్టుకోవచ్చు. తర్వాత వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి కడుతున్న కోట గురించి తల్లి ముందే ఉత్సాహంగా చెప్పింది. అన్నం తింటోందా అని నేను అడగకముందే తల్లి తల ఊపింది.

నెమ్మదైన ఆట చూసుకోమంటే బ్యారన్ కుర్రవాడు స్టార్‌డ్యూ వ్యాలీ ఎంచుకున్నాడు. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ ఒక్కడే ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన ఆట అది, 2016లో వచ్చింది. తాత వదిలి వెళ్లిన పొలాన్ని బాగుచేసుకోవడమే అందులో పని. ఒకసారి కొంటే చాలు, మధ్యలో ప్రకటనలు రావు. మంట చూడడానికి లేవాలంటే ఆపి లేవచ్చు. ఇంట్లో ఇంత సేద్యం పెట్టుకుని ఫోనులో సేద్యం ఏందని తండ్రి అడిగితే, "ఆడ ధర పడిపోదు నాయనా" అన్నాడట. కలిగిరి వేలం కేంద్రంలో బేలు పెట్టి ధర కోసం ఎదురుచూసిన ఇంటి మాట అది. ఆ కుటుంబం గుండెల్లో ఉన్న అసలు బరువేమిటో నాకప్పుడు ఇంకా బాగా అర్థమైంది. ఆట మారాక దడ తగ్గింది. కాపలా ముగిశాక నిద్ర కూడా కుదురుకుంది.

ఏ ఆట నెమ్మదినిస్తుందో పేరు చూసి చెప్పలేం. ఆపాలనుకున్న క్షణంలో ఆపగలగాలి. ఆపినందుకు నష్టం, నింద ఉండకూడదు. గడియారం తరమకూడదు. ముఖ్యంగా, ఫోను పక్కన పెట్టిన పది నిమిషాలకు ఒళ్లు ఎలా ఉందో చూసుకోవాలి. భుజాలు సడలి, ఊపిరి నిదానంగా ఆడుతుంటే ఆ ఆట మీకు సరిపడినట్టే. రంగుల మిఠాయిలు జతచేసే క్యాండీ క్రష్ మెత్తగా కనిపిస్తుంది. కానీ ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కోదానికి అరగంట చొప్పున కాచుకోవాలి, లేదా డబ్బు పెట్టాలి. ఆ ఎదురుచూపే కొందరికి ఆందోళన. పోటీ ఇష్టమైనవాళ్లు దాన్ని పూర్తిగా వదలనక్కర్లేదు. ర్యాంకు లేని పద్ధతిలో, మైకు కట్టేసి, పడుకునే ముందు గంట వదిలేసి ఆడినా చాలామందికి తేడా తెలుస్తుంది.

ఆట మార్చితే తీరనివి కూడా ఉంటాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషిద్ధమైంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అలాంటి ఆటలో చేసిన అప్పుల దడతో వచ్చినవాళ్లకు ప్రశాంతమైన ఆట పేరు చెబితే సరిపోదు. భార్యకో అన్నకో అప్పు సంగతి చెప్పించడంతోనే వైద్యం మొదలవుతుంది. ఆట మీద అదుపు పోయి, చదువు, తిండి, మనుషులు అన్నీ దాని వెనక్కి వెళ్లిపోయి, కీడు జరుగుతున్నా ఆపలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు సాగితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌గా గుర్తిస్తుంది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వ్యాధుల వర్గీకరణలో దానికి చోటుంది. అలాంటప్పుడు మానసిక వైద్యుడి సాయం తీసుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ సేవలో తెలుగులోనే, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఫోను లాక్కునే ముందు పిల్లల పక్కన కూర్చుని ఒక ఆట పూర్తయ్యేదాకా చూడండి. ఏ ఆట ఆడుతున్నారో, ఓడినప్పుడు ఎవరు ఏమంటున్నారో, ఆపాక ఒళ్లు ఎలా ఉందో అడగండి. వాళ్లు చెప్పింది విని, వాళ్లకు నెమ్మదినిచ్చేది ఏదో వాళ్లతో కలిసే వెతకండి.