ఎయిర్‌బాక్స్ మూత నేర్పిన పాఠం

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని సంపాదక వర్గంవారు పూర్వ విద్యార్థినైన నన్ను కోరినప్పుడు కొంత తటపటాయించాను. ఈ కళాశాల విడిచిన నాటినుండి నా చేతులు కలంకంటె స్పానరునే ఎక్కువగా పట్టాయి. సాహిత్యాన్ని గురించి వ్రాయగల పెద్దలు ఈ సంచికలో ఎందరో ఉన్నారు. నాకు తెలిసినది ఇంజన్ల సంగతి. కావున ఒక ప్లాస్టిక్ మూతను గురించి వ్రాస్తున్నాను. దాని విషయంలో నేను చేసిన అశ్రద్ధవలన ఒక ఇంజను పాడైపోయింది. ఒక పెద్దమనిషి నా తప్పును తన నెత్తిన వేసుకున్నాడు.

2007లో బి.యస్సీ. పూర్తిచేసి, ఇక్కడ ఉద్యోగం దొరకక, మా మేనమామ సాయంతో షార్జా చేరాను. దుబాయినుండి హత్తా పోయే దారిలో, షార్జా పరిధిలో, అల్ బదాయర్ అనే చోటు ఉన్నది. అక్కడి ఇసుక ఎర్రనిది. సెలవు దినాలలో జనం అక్కడికి వచ్చి నాలుగు చక్రాల క్వాడ్ బైకుల మీద ఇసుక తిన్నెలెక్కి దిగుతూ వినోదిస్తారు. అటువంటి బండ్లను అద్దెకిచ్చి, బయటివారి బండ్లను కూడ మరమ్మతు చేసే ఒక షెడ్డులో నేను సహాయకుడిగా కుదిరాను.

అక్కడి పెద్ద మేస్త్రీ పెషావరు వాసి. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. మా ఇంట మాట్లాడే దక్కనీ ఉర్దూ వినగానే ఆయనకు నవ్వొచ్చేది. నేను “నక్కో” అన్నప్పుడల్లా మరొకసారి అనమని అడిగేవాడు. ఆయన ఉర్దూలో పష్తో యాస, నా ఉర్దూలో తెలుగు యాస. ఐనా పనిచేసేచోట మా ఇద్దరికీ అర్థం కాని మాట ఒక్కటీ ఉండేది కాదు.

క్వాడ్ బైకు సీటు ఎత్తితే క్రింద ఒక నల్లని డబ్బా కనిపిస్తుంది. అదే ఎయిర్‌బాక్స్. దానిలో నూనె పట్టించిన స్పంజి ఫిల్టరు ఉంటుంది. ఇంజనులోనికి పోయే గాలి అంతా దాని గుండానే పోవాలి. ఒక లీటరు పెట్రోలు సరిగా కాలడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలని ఉస్తాద్ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. రసాయన శాస్త్రంలో చదివిన లెక్కలు జ్ఞాపకం చేసుకొని, రాత్రి గదిలో కాగితంమీద వేసి చూస్తే ఆయన మాటే నిజమయింది. బరువునుబట్టి ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ళు గాలి అవసరం. ఎడారిలో అంత గాలితోపాటు ఎంత ధూళి వస్తుందో ఊహించుకోవచ్చు. ఇసుకలోని స్ఫటిక రేణువు ఇంజనులోని ఇనుముకంటె కఠినమైనది. కంటికి కనిపించనంత ధూళి చాలు, సిలిండరు గోడను గీకివేయడానికి.

ఆ డబ్బా పైనుండే మూతను ఉస్తాద్ ఢక్కన్ అనేవాడు. అందులో మూడు రకాలు మా దగ్గరకు వచ్చేవి. మొదటిది బండితోపాటు వచ్చే అసలు మూత. చిన్న గొట్టం గుండా మాత్రమే గాలిని రానిస్తుంది. నీటిలో, బురదలో నడిపేవారికి దీనిని మించినది లేదు. రెండవది పైన రంధ్రాలు చేసిన మూత. గాలి ఎక్కువ వస్తుంది, ధూళికూడ ఎక్కువే వస్తుంది. మూడవది చట్రానికి నీరంటని పలుచని గుడ్డ బిగించినది. ఇది గాలిని ధారాళంగా పోనిచ్చి ఇసుకను పైనే ఆపుతుంది. ఎడారి బండికి ఉస్తాద్ దీనినే ఎంచేవాడు. ఐతే గాలి పెరిగినప్పుడు పెట్రోలు కూడ పెరగాలి. లేకపోతే మిశ్రమం పలుచనై ఇంజను అమితంగా వేడెక్కుతుంది. కార్బురేటరు బండిలో మెయిన్ జెట్ మార్చాలి. 2006లో వచ్చిన యమహా రాప్టర్ 700 వంటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలోనూ, గాలి బాగా పెరిగితే, ఇంధన కొలతలను సరిచూడవలసిందే.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసికూడ తప్పు చేశాను.

2008 శీతాకాలంలో ఒక గురువారం సాయంత్రం ఒక యువకుడు తన సొంత బండి తెచ్చాడు. పాత కార్బురేటరు బండి. స్నేహితులందరి బండ్లూ మూతలు తీసేసి గర్జిస్తున్నాయనీ, తనదికూడ అలాగే కావాలనీ అన్నాడు. ఉస్తాద్ నమాజుకు వెళ్ళాడు. షెడ్డు నిండా జనం. నేను మూత తీసివేసి, ఫిల్టరు దులిపి మళ్ళీ పెట్టి బండి ఇచ్చేశాను. గుడ్డ మూత వేయలేదు, జెట్ మార్చలేదు. ఫిల్టరు అంచుకు గ్రీజు రాయలేదు. దాని క్లాంపు పూర్తిగా బిగించానో లేదోనని చూడనైనా లేదు. అతడు బండి స్టార్టు చేసి ఆ శబ్దానికి మురిసిపోయి నాకు పది దిర్హములు బహుమానమిచ్చాడు.

మూడు వారాలకు ఆ బండి లారీలో తిరిగి వచ్చింది. నీలిపొగ, శక్తి లేదు. ఉస్తాద్ ఫిల్టరు విప్పి, దాని వెనుకనున్న రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తుడిచి నాకు చూపాడు. వేలిమీద ఎర్రని ధూళి. స్పార్క్ ప్లగ్గు కొన సున్నంలాగ తెల్లగా ఉన్నది. సిలిండరు విప్పితే గోడమీద పైనుండి క్రిందికి గీతలు. మిత్రులతో వరుసగా పోతూ, ముందు బండ్లు ఎగజిమ్మిన ఇసుకను ఆ ఇంజను మూడు వారాలు మ్రింగింది.

బండి యువకుడు కేకలు వేశాడు. ఎవరు చేశారీ పని అని షెడ్డు యజమాని అడిగాడు. నా నోరు పెగలలేదు. ఉస్తాద్ తలయెత్తకుండానే, “పని నాదే” అన్నాడు. మరమ్మతు ఖర్చు మూడు నెలలపాటు ఆయన జీతంలో కోసుకోవాలని నిర్ణయమయింది. ఆయన నెలనెలా ఇంటికి పంపే సొమ్ముతో ఇద్దరు కూతుళ్ళు చదువుకుంటున్నారని నాకు తెలుసు. ఐనా ఒక నెల గడిచేదాకా నేను మౌనంగానే ఉన్నాను. ఆ నెల రోజులు నాకు అన్నం సహించలేదు.

మొదటి కోత పడిన రాత్రి ఆయన దగ్గర కూర్చుని అంతా చెప్పాను. “తెలుసు బేటా. ఆ రోజు షెడ్డులో నీవు తప్ప ఎవరున్నారు? కాని బండి బయటికి పోయేముందు చూడవలసినవాణ్ణి నేను. చూడలేదు. కనుక పని నాదే” అన్నాడు. మరునాడు నేను యజమాని దగ్గరకు వెళ్ళి నిజం చెప్పాను. మిగిలిన రెండు నెలల కోత నా జీతంలోనుండి పట్టుకున్నారు. మొదటి నెల సొమ్ము ఇవ్వబోతే ఉస్తాద్ తీసుకోలేదు. దానికి బదులుగా ఒక పాత బండి చూపించి, ఇరవైసార్లు ఢక్కన్ విప్పి బిగించమన్నాడు.

ఆ ఇరవైసార్లలో నేర్చినది ఇది. విప్పకముందే డబ్బా చుట్టూ ఇసుక తుడవాలి. స్పంజిని సబ్బునీటిలో పిసకాలి, మెలిపెట్టి పిండరాదు. బాగా ఆరిన తరువాత ఫిల్టరు నూనె సమంగా పట్టించాలి. అంచుకు పలుచగా గ్రీజు రాసి, కూర్చోబెట్టి, క్లాంపు బిగించి, లాగి చూడాలి. మూత లోపలి రబ్బరు పట్టీ ఎక్కడా తెగలేదని వేలితో తడిమి, కొక్కేలను ఎదురెదురుగా ఒక్కొక్కటే వేయాలి. ఒక స్వారీ తరువాత మళ్ళీ విప్పి రబ్బరు గొట్టంలో తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు ధూళి అంటితే పని మొదటికి వచ్చినట్లే.

2014లో నేను స్వదేశం వచ్చి మన ఊరిలోనే చిన్న మోటారు సైకిళ్ళ షెడ్డు పెట్టుకున్నాను. మన కళాశాల విద్యార్థులు కొందరు వచ్చి, శబ్దం కోసం ఫిల్టరు తీసేయమని అడుగుతుంటారు. వారిని కసురుకోను. నా మేజాబల్లమీద ఒక పాత సిలిండరు ఉన్నది. దాని లోపలి గీతలమీద వేలితో తడిమి చూడమంటాను. తరువాత ఏ మూత కావాలో వారినే చెప్పమంటాను.

ఇప్పుడు నా దగ్గరకూడ ఒక కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. అతడు బిగించిన ప్రతి బండినీ బయటికి పోయేముందు నేనే చూస్తాను.