డ్రమ్ములు దిగాయి, డిస్కులెక్కాయి

గత సంచికలో ఒక సోదరి మాగాయ పెట్టే విధానం రాశారు. మేము రాయబోయేది పచ్చడి గురించి కాదు గాని, ఇందులోనూ పాళ్ళు తప్పితే మొత్తం పాడవుతుంది. పచ్చడి పాడయితే పారబోస్తాం. ఇది పాడయితే మనమే పోతాం. అందుకని కొంచెం ఓపికగా చదవమని మనవి.

మేము బావా బావమరుదులం. ఇద్దరికీ డెబ్భై దాటాయి. మా ఇద్దరిమీదా అధికారం ఒక్కరిదే. ఆవిడ మాలో ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. మా ఇంట్లో 1967 నాటి ఫోర్డు మస్టాంగు ఉంది. 1974లో పాతకారుగా కొన్నాం. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకి డ్రమ్ము బ్రేకులు. ఆవిడ దాన్ని ఉద్యోగానికీ, కూరలకీ, పురిటికీ కూడా నడిపింది. 2019లో మా అమ్మాయి (మాలో ఒకరికి కూతురు, మరొకరికి మేనకోడలు) "ఆ కారు నాకివ్వండి, పిల్లల్ని ఎక్కించుకు తిరుగుతాను" అంది. ఇస్తే ఇద్దాం, వెనక కూడా డిస్కులు వేసి మరీ ఇద్దాం అనుకున్నాం. మేముండేది పిట్స్‌బర్గులో. ఈ ఊళ్ళో కాంటన్ అవెన్యూ అని ఒక వీధి ఉంది. దాని వాలు 37 శాతం. అంటే నూరడుగులు ముందుకు పోయేసరికి ముప్ఫై ఏడడుగులు పైకి పోవాలి. ఇలాంటి ఊళ్ళో బ్రేకంటే భక్తి సహజంగానే పుడుతుంది.

డ్రమ్ము బ్రేకు చెడ్డదని కాదు. షూ తాకగానే తిరిగే డ్రమ్మే దాన్ని తనవైపు లాక్కుంటుంది. మన కాలి బలానికి చక్రం బలం తోడవుతుంది. చిక్కల్లా వేడితోనూ నీళ్ళతోనూ. బాగా కాలిన డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరమవుతుంది, పెడలు కిందికి దిగిపోతుంది. నీళ్ళు లోపలికి పోతే తొందరగా ఆరవు. డిస్కు గాలిలో ఉంటుంది గనక త్వరగా చల్లారుతుంది, నీటిని విదిలించుకుంటుంది. 1953లో లెమాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వారు గెలిచిన తర్వాత ఆ సంగతి లోకమంతా ఒప్పుకుంది.

కిట్టు వచ్చింది. కారుని జాకీతో ఎత్తి స్టాండ్లమీద నిలిపాం. పాత షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చు గనక ధూళిని గాలితో ఊదకుండా తడిపి తుడిచాం. ఇరుసు చివరనున్న పళ్ళానికి ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి పానా దూర్చి నాలుగు నట్లు విప్పితే ఇరుసు బయటికి వస్తుంది, దాని వెనక డ్రమ్ము పళ్ళెం ఊడుతుంది. ఇంతవరకూ సులువే. కాని చలికాలంలో రోడ్లమీద చల్లే ఉప్పు అన్నేళ్ళు తిన్న బ్రేకు గొట్టం పానా తగలగానే పుటుక్కుమంది. అదీ మంచికే. కొత్తగా రాగి నికెలు గొట్టం వేశాం.

కాలిపరు లోపల హ్యాండ్‌బ్రేకు మర ఉంది. దాని పిస్టను నొక్కితే లోపలికి పోదు, తిప్పుతూ నొక్కాలి. ఇది తెలియక ఒక మధ్యాహ్నమంతా బిగింపు పెట్టి కుస్తీ పట్టాం. తర్వాత కుడి ఎడమలు తారుమారు చేశాం. అలా చేస్తే గాలి తీసే మర అడుగుకి వస్తుంది, గాలి మాత్రం పైనే ఉండిపోతుంది. ఎంత బ్రేకు ఆయిలు పోసినా పెడలు మెత్తగా దూదిలా దిగింది. మళ్ళీ విప్పి మార్చాం. వీధి చివరిదాకా పోయివచ్చాం. చక్కగా ఆగింది. కాలరెగరేశాం.

మర్నాడు ముగ్గురం పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరాం. ఆవిడే నడిపింది. గుడి దగ్గర దిగగానే ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏమండీ, ఇది హారతి వాసన కాదు" అంది. వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. దర్శనం చేసుకున్నాం గాని మనస్సు చక్రాల దగ్గరే ఉంది. కారుని ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకున్నాం.

జాకీ ఎత్తి చూస్తే చక్రం చేత్తో తిరగదు. "హ్యాండ్‌బ్రేకు తీగ బిగుసుకుంది బావా" అని ఒకరం, "కాదోయ్, కాలిపరే లోపం" అని ఇంకొకరం. తీగ ఊడదీశాం. అయినా తిరగలేదు. గాలి తీసే మర కొంచెం విప్పగానే ఆయిలు చివ్వున చిమ్మింది, చక్రం స్వేచ్ఛగా తిరిగింది. ఇద్దరం ఆశ్చర్యంగా చూస్తున్నాం. గడపలో నిలబడ్డ ఆవిడ అడిగింది: "పెడలు మీద ఎవరి కాలూ లేదు కదా! మరి ఆ ఒత్తిడి ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆ ప్రశ్న మాకు రాలేదు. జవాబు మాస్టర్ సిలిండరులో ఉంది. డ్రమ్ము బ్రేకుల్లో వీల్ సిలిండరు రబ్బర్లు వదులై గాలి పీల్చకుండా, వెనక గొట్టంలో చదరపు అంగుళానికి సుమారు 10 పౌన్ల ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు పెడతారు. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులున్నాయి గనక అది బాధించదు. డిస్కులో స్ప్రింగు లేదు, రబ్బరు సీలు సాగుడే పిస్టన్ని వెనక్కి లాగాలి. ఆ 10 పౌన్లు చాలు, పాడ్లు డిస్కుని పట్టుకు వదలవు. కిట్టుతో వచ్చిన కాగితంలో ఈ మాట లేదు. వాల్వు తీసేశాం, వేడి పోయింది.

ఇంకా ఒకటి మిగిలింది. వాన వెలిసిన ఆదివారం పొద్దున్న ఖాళీ పార్కింగు స్థలంలో గట్టిగా బ్రేకు వేసి చూశాం. వెనక చక్రాలు ముందుగా బిగిసి కారు బొంగరంలా తిరిగింది. మా ఊళ్ళో బరువుబండి పల్లం దిగుతుంటే భారమంతా కాడి మీదికి, ఎడ్ల మెడలమీదికి వస్తుంది. కారు ఆగేటప్పుడూ అంతే, బరువు ముందుకి పోతుంది, వెనక తేలికవుతుంది. తేలికైన చక్రాలకి అంత పట్టు ఇస్తే జారక ఏం చేస్తాయి? వెనక గొట్టానికి పెట్టిన ఒత్తిడి తగ్గించే వాల్వుని మేము పూర్తిగా తెరిచి వదిలేశాం. కొద్దికొద్దిగా తిప్పుతూ, ముందు చక్రాలే ముందు బిగిసేదాకా తగ్గించాం. అప్పుడు తిన్నగా ఆగింది.

నిజం చెప్పాలంటే, ఒక్కసారి వేసే బ్రేకుకి కారు ఆగే దూరంలో మాకు పెద్ద తేడా కనబడలేదు. తడిలోనూ, పొడుగాటి పల్లాల్లోనూ తెలుస్తోంది. ముందు కూడా డ్రమ్ములే ఉన్నవాళ్ళు డబ్బు ముందు చక్రాలకే పెట్టడం మంచిది. వెనక చక్రాలు ముట్టుకుంటే మాస్టర్ సిలిండరు, ఒత్తిడి వాల్వు, హ్యాండ్‌బ్రేకు మూడూ చూసుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకరి మంచం జరిపితే అందరి మంచాలూ జరపాల్సివచ్చినట్టు.

కారు మా అమ్మాయికిచ్చేశాం. ఇవ్వబోయేముందు ఆవిడ కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని కొండదారిలో దిగివచ్చి, వెనక చక్రం దగ్గర చెయ్యిపెట్టి చూపించింది, పిల్లకి జ్వరం చూసినట్టు. "ప్రతిసారీ ఇలా చూడు. మామయ్యా నాన్నా బాగానే చేశారు గాని, నువ్వు మాత్రం చూడు" అంది.

మాకు కోపం రాలేదు.