పీరియడ్‌కి ఇంత, ఆర్డర్‌కి ఇంత

"పీహెచ్‌డీ చేసి డెలివరీలేంటి సార్" అని అడిగే విద్యార్థుల కోసం ఇది.

గెస్ట్ లెక్చరర్‌కి జీతం ఉండదు. పీరియడ్‌కి ఇంత అని లెక్క. దసరా సెలవులకు సున్నా, వేసవికి సున్నా. చెప్పిన పాఠాలకు కూడా డబ్బులు నెలల తర్వాతే వస్తాయి. ఇంటి అద్దె మాత్రం ఒకటో తారీఖునే కట్టాలి. అందుకే సాయంత్రాలు బండి మీద పార్సిళ్లు, ఎండాకాలం డీటీపీ సెంటర్లో ప్రూఫులు. ఇక్కడ పేజీకి ఇంత, అక్కడ ఆర్డర్‌కి ఇంత. వీటిలో ఏది ఉద్యోగం, ఏది "అదనపు ఆదాయం"?

మా తాత పగలు కూలికి పోయేవాడు, రాత్రి చెప్పులు కుట్టేవాడు, చావుకి డప్పు కొట్టేవాడు. ఊరు దాన్ని కులవృత్తి అంది. సైడ్ ఇన్‌కమ్ అని ఎవరూ అనలేదు.

జాషువా టీచరు ఉద్యోగం పోయాక 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, మాటలు చదివి వినిపించే పని చేశారు. సిలబస్‌లో ఆయన పద్యాలుంటాయి, ఈ పని ఉండదు. నేను చెప్తాను.

ఒక అపార్ట్‌మెంట్‌లో "డెలివరీ వారికి లిఫ్టు నిషేదం" అని బోర్డు. వత్తు లేదు. ప్రూఫులు దిద్దేవాడికి ముందు అదే కనపడుతుంది. యాప్ నా కులం అడగలేదు. వాచ్‌మన్ కూడా అడగలేదు. మెట్లు చూపించాడు, అయిదో అంతస్తు.

గిగ్ కార్మికుల సంక్షేమానికి రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. మరి పీరియడ్ లెక్కన పాఠం చెప్పేవాణ్ని ఏ చట్టం కింద పెడతారు? పన్నెండు నెలల జీతం అడగడానికి ఈ ఆదివారం మా లెక్చరర్లం కలుస్తున్నాం. ఆదివారం ఆర్డర్లు ఎక్కువ. అయినా యాప్ ఆపేసి వెళ్తున్నాను.