యాభై పేర్ల జాబితా

వేసవి వచ్చిందంటే నా టేబుల్ మీద ఇంటర్న్‌షిప్ లెటర్లు పేరుకుంటాయి. చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను నేను. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. బీకాం అమ్మాయిలకు మా ఊళ్లోనూ తిరుపతిలోనూ దొరికేవి ఆడిటర్ల ఆఫీసులు, లేకపోతే ‘ఫైనాన్షియల్ ప్లానింగ్, వెల్త్ మేనేజ్‌మెంట్’ అని బోర్డు పెట్టుకున్న ఆఫీసులు. మొన్న ఒకమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. “మేడమ్, మొదటి రోజే తెలిసినవాళ్ల పేర్లు యాభై రాసుకుని రమ్మన్నారు. మా అమ్మ పేరు రాయచ్చా?”

తర్వాత చెప్తానని పంపించేశాను. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు నేను 2007 నుంచి బాకీ ఉన్నాను.

అప్పుడు తిరుపతిలో ఎంబీఏ చదువుతున్నాను. 1983లోనే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం వెలిసిన ఊరు కదా, మా ఇళ్లల్లో ‘తిరుపతిలో చదువు’ అంటే ఆడపిల్లలకు భద్రమైన చదువని నమ్మకం. నలభై ఐదు రోజుల ప్రాజెక్టుకి ఒక కంపెనీలో చేరాను. స్టయిపెండ్ లేదు. బస్సు చార్జీలు మావే. మొదటి మూడు రోజులు ఏసీ గదిలో కూర్చోబెట్టి లక్ష్యాలు, రిస్కు, చక్రవడ్డీ గురించి చెప్పారు. నాలుగో రోజు ఆ జాబితా రాయించారు. మొదటి పేజీలో బంధువులు, రెండో పేజీలో ఇరుగుపొరుగు, మూడో పేజీలో అమ్మానాన్నల స్నేహితులు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది అమ్మాయిలమే. “మిమ్మల్నయితే వంటింటిదాకా రానిస్తారు” అన్నాడు మేనేజరు, మెచ్చుకుంటున్నట్టే. మేమూ మెప్పుగానే తీసుకున్నాం.

నా జాబితాలో మూడో పేరు మా చిన్నమ్మది.

పాకాల దగ్గర పల్లె వాళ్లది. రెండు జెర్సీ ఆవులు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డాక పాలు ప్రైవేటు వాళ్లకే పోసేది. పదైదు రోజులకొకసారి పాల బిల్లు వచ్చేది. అందులో దాణాకి పోను, ఇంట్లో సరుకులకి పోను మిగిలింది చీటీ కట్టేది. ఆ చీటీ పాడిన డబ్బుతోనే కమ్మలు కొనుక్కుంది, అవసరమొస్తే వాటినే కుదువ పెట్టేది, మళ్లీ విడిపించేది. ఏ నెలకి ఎంత కావాలో, ఏది ముందు ఏది వెనక అన్నది ఆమెకి నోటి లెక్క. ప్లానింగ్ అంటే ఏమిటో చెప్పడానికి నేను ఆమె ఇంటికి వెళ్లాను!

మా దగ్గర ఒక ఫారం ఉండేది. కుటుంబ యజమాని, సంపాదించే వ్యక్తి, ఆధారపడినవారు అని గడులు. చిన్నాయన పేరు మొదటి రెండు గడుల్లో రాశాను. చిన్నమ్మ పేరు ఆధారపడినవారిలో రాశాను. వృత్తి దగ్గర గృహిణి, ఆదాయం దగ్గర సున్నా. అట్లాగే రాయాలని నేర్పారు. ఆదాయం లేదని రాసిన చేత్తోనే ఆమె దగ్గర పదివేలు లెక్కపెట్టి తీసుకున్నాను. ఆ పదివేలు ఎక్కడినుంచి వచ్చాయని ఫారం అడగలేదు. నేనూ అనుకోలేదు.

ఆమెకి నేను అమ్మింది యూలిప్. సగం బీమా, సగం షేర్ మార్కెట్. “మూడేళ్లు కడితే చాలు, చెల్లెలు ఇంటర్ అయ్యేసరికి నర్సింగ్ ఫీజు చేతికొస్తుంది” అని ఏసీ గదిలో నేర్చుకున్న వాక్యాన్ని మా యాసలోకి మార్చి చెప్పాను. చెల్లెలు అప్పుడే పదో తరగతిలోకొచ్చింది. ఆ రోజుల్లో అలాంటి పాలసీల్లో మొదటి ఏడాది కట్టిన దాంట్లో పెద్ద భాగం ఛార్జీల కిందే పోయేదని నాకు చెప్పలేదు. చెప్పినా అడిగేదాన్నో లేదో. చిన్నమ్మ కాగితం చూడలేదు, నా మొహం చూసింది. “నువ్వు సదూకున్న బిడ్డివి. నువ్వు మంచిదంటే నాకూ మంచిదే. యాడ ఏలు పెట్టాల్నో చూపీ మే” అంది. సంతకం వచ్చు ఆమెకి. తొందరలో ఇంక్ ప్యాడ్ చాపింది నేనే.

లైసెన్సు లేనివాళ్లు బీమా అమ్మకూడదు. మాకు లైసెన్సు లేదు. అందుకే ఫారంలో ఏజెంటు పేరు ఇంకెవరిదో ఉండేది. కమిషన్ అటు పోయింది. నాకు సర్టిఫికెట్ వచ్చింది.

2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబరుకల్లా 9 వేల కిందికి పడిపోయింది. చిన్నమ్మకి ఆ సంగతి తెలియదు. ఆమెకి తెలిసిన పతనం వేరు. 2009లో ఒక ఆవు చచ్చిపోయింది. మూడో వాయిదా కట్టలేకపోయింది. 2010లో చెల్లెలు ఇంటర్ పాసయ్యాక ఇద్దరం తిరుపతి ఆఫీసుకి వెళ్లాం. మేనేజరు ఎప్పుడో వేరే కంపెనీకి మారిపోయాడు. కట్టిన ఇరవై వేలకు పదకొండు వేల చిల్లర చేతికొచ్చింది. చెల్లెలు నర్సింగ్‌లో చేరలేదు. చిన్నాయన ఆ డబ్బుతో కుట్టు మిషను కొన్నాడు. పంతొమ్మిదేళ్లకి పెళ్లి చేశారు. ఆ తొమ్మిది వేలే అంతా మార్చేసిందని అనను. ఆడపిల్ల చదువు ఆపడానికి ఇళ్లల్లో కారణాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. చేతిలో డబ్బుంటే చిన్నమ్మ వాటితో పోట్లాడేది. ఆ డబ్బు నేను తీసుకుపోయాను.

సరిగ్గా ఆ 2010లోనే, అరుణ్ కుమార్ అగర్వాల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్ల కింద రాయడాన్ని తప్పు పట్టింది. ఆ సెప్టెంబరు నుంచే యూలిప్‌ల ఛార్జీలకు బీమా నియంత్రణ సంస్థ గట్టిగా పరిమితులు పెట్టింది. 2013లో సెబీ పెట్టుబడి సలహాదారులకు నిబంధనలు తెచ్చింది. సలహాకి ఫీజు తీసుకునేవాళ్లు వేరు, అమ్మి కమిషన్ తీసుకునేవాళ్లు వేరు అన్న గీత ఇప్పుడు చట్టంలో ఉంది. ఇవన్నీ నేను క్లాసులో చెప్తాను. కానీ ఆ గీత ఊళ్లోకి వెళ్లేసరికి చెరిగిపోతుంది. ఎందుకంటే అక్కడికి సలహాదారు రాడు, ఏజెంటూ రాడు. ఆ ఇంటి ఆడపిల్లే వస్తుంది.

స్త్రీల ఆర్థిక స్వేచ్ఛ గురించి మనం చాలా రాసుకున్నాం. ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన కూతుళ్ల ఆస్తి హక్కు చట్టం గురించి, 2005లో అది దేశమంతటికీ వచ్చిన సంగతి గురించి గర్వంగా చెప్పుకుంటాం. నా శిక్షణలో ఆ మాటే రాలేదు. భర్త తన మీద పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయిస్తే ఆ డబ్బు భార్యాపిల్లలదే అవుతుంది, అతని అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. అదీ చెప్పలేదు. ఆడవాళ్లకి నిజంగా పనికొచ్చే రెండు ముక్కలూ వదిలేసి, ఆడవాళ్ల నమ్మకాన్ని మాత్రం సిలబస్‌లో పెట్టారు. బంధుత్వం కూడా ఒక శ్రమే. ఏళ్ల తరబడి చిన్నమ్మ నాకు తలంటి, అన్నం పెట్టి, పండక్కి గాజులు వేయించి పోగుచేసిన నమ్మకం అది. కంపెనీ దానికి పైసా ఇవ్వకుండా నా చేత వాడించుకుంది.

2024లో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో పెద్ద కంపెనీల్లో చేరినవాళ్లకి నెలకి 5 వేలిస్తామన్నారు. మా అమ్మాయిలు వెళ్లే ఆఫీసులు వేరు. అక్కడ శిక్షణ ఉచితమని అంటారు. ఉచితం కాదు. నా శిక్షణకి ఫీజు చిన్నమ్మ కట్టింది.

ఆ అమ్మాయిని మర్నాడు పిలిచి అమ్మ పేరు రాయొద్దని చెప్పాను. ఆఫీసుకి పంపే లెటర్‌లో రెండు వాక్యాలు చేర్చాను. విద్యార్థినుల చేత బంధువుల పేర్లు అడగకూడదు, అమ్మకాల లక్ష్యాలు పెట్టకూడదు. రెండు ఆఫీసులు సీట్లు లేవన్నాయి. ఒక్కటి ఒప్పుకుంది. ముగ్గురికి చోటు దొరికింది, మిగతావాళ్లకి ఇంకా వెతుకుతున్నాను. సర్టిఫికెట్ లేకపోతే డిగ్రీ లేదు. వాళ్ల భయం నాకు తెలుసు, ఒకప్పుడు నాదీ అదే.

పోయిన ఆదివారం చిన్నమ్మ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఇన్నేళ్లుగా మార్కెట్ పడిపోయిందనే చెప్పుకొచ్చాను కానీ, కమిషన్ సంగతి, ఛార్జీల సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. డబ్బు తీసుకెళ్లాను. తీసుకోలేదు. “నువ్వు మాత్రం ఏం జేస్తావు మే, నువ్వూ అప్పుడు నేర్చుకుంటానే ఉంటివి గదా” అంది. కాసేపాగి, “ఆ పనికి మార్కులేసినారా?” అని అడిగింది.

“వేశారు. నూటికి ఎనభై రెండు.”

“మంచి మార్కులే.”

వసారాలో చెల్లెలు మిషను తొక్కుతోంది. వింటూనే ఉంది. తల ఎత్తలేదు. డబ్బున్న కవరు ఆమె పక్కన పెట్టాను. తీసుకుంటుందో, తిరిగి పంపిస్తుందో ఇంకా తెలియదు.