దీపం తనంతట తనే వెలిగింది

మొయినాబాద్‌లో నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివి ఇంటికి చేసిన ఉపకారమేమిటని ఎవరైనా అడిగితే, చేవెళ్ళలో మా బావి మోటారును చూపిద్దామనుకున్నాను. తొట్టిలో నీళ్ళు తగ్గితే మోటారు తనే నడవాలి, నిండితే తనే ఆగాలి. అర్ధరాత్రి నాయన టార్చిలైటు పట్టుకుని గట్లవెంట పోయే బాధ తప్పాలి. అదీ నా సంకల్పం.

ఒక ఆదివారం ఆర్డునో, బ్రెడ్‌బోర్డు సంచిలో వేసుకుని, మర్రిచెట్ల రోడ్డున బస్సులో వచ్చి, బావి పక్క కొట్టంలో కూచున్నాను.

"బ్రెడ్డు బోర్డంటే రొట్టెల పీటా?" అంది సద్ది తెచ్చిన అమ్మ.

నవ్వాను గాని, ఆవిడ మాటే నిజం. వెనకటి రోజుల్లో రేడియోలు స్వయంగా తయారుచేసుకునేవారు రొట్టె కోసే చెక్కమీదే మేకులు కొట్టి తీగలు చుట్టేవారు. ఇప్పుడది చిల్లుల ప్లాస్టిక్ పలక. తీగ గుచ్చితే చాలు, టంకం పెట్టే పని లేదు.

నీటిమట్టం కనిపెట్టే స్విచ్చిని ఆర్డునోలో ఒక కాలికీ, మోటారును నడిపే రిలేను ఇంకో కాలికీ కలిపి, వెంటనే మోటారుకు తగిలిద్దామన్న తొందర నాది. నాయన పంపు విప్పి చెత్త తీస్తున్నాడు. మెయిన్ ఆపే అలవాటు ఆయనకు లేదు. అక్కడినుంచే అన్నాడు:

"కొత్త ఎడ్లను ఒక్కసారే కాడికి కడతరా, బిడ్డా? ఒక్కొక్కదాన్ని నడిపించి చూడు."

సరేనని రిలే తీసి, ఆ చోట 220 ఓముల నిరోధకంతో చిన్న ఎల్.ఇ.డి. దీపం పెట్టాను. సెకను వెలిగి సెకను ఆరమన్నాను; అలాగే చేసింది. బయటికి పోయే కాలు మంచిదే. ఇక లోపలికి వచ్చే కాలు. స్విచ్చి మూశాను, దీపం వెలిగింది. తెరిచాను. ఆరాలి గదా? ఆరింది, వెలిగింది, మళ్ళీ ఆరింది. చెయ్యి దగ్గరికి తీసుకుపోతే చాలు, తనంతట తనే వెలుగుతోంది!

ఒళ్ళు జల్లుమంది. ఆ దీపం చోట మోటారు ఉంటే? నాయన వేళ్ళు పంపులోనే ఉన్నాయి.

కారణం చిన్నదే. స్విచ్చి తెరిస్తే ఆ కాలు దేనికీ అంటకుండా వేలాడుతుంది. చుట్టూ ఉన్న కరెంటు తీగల ప్రభావానికే ఒకసారి ఒకటంటుంది, ఒకసారి సున్నా అంటుంది. 10 వేల ఓముల నిరోధకంతో దాన్ని 5 వోల్టులకు కట్టేశాను. ఇక స్విచ్చి తెరిస్తే ఎప్పుడూ ఒకటే, మూస్తే ఎప్పుడూ సున్నాయే. సున్నా అంటే నడవాలి, ఒకటంటే ఆగాలి. రేపు ఎలుక ఆ స్విచ్చి తీగ కొరికినా మోటారు ఆగుతుందే గాని నడవదు.

నాయన పంపు బిగించి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"నడుస్తదా?"

"ఇంకో వారం దీపాన్నే నడిపిద్దాం, నాయనా," అన్నాను.