పాత మోటారుకారు వెనుకభాగము నెత్తుట

అమెరికా దేశమున 1964వ సంవత్సరమునుండి సుమారు పదియేండ్లపాటు ఒక విధమైన మోటారుకార్లు యువకుల మనస్సులను మిక్కిలి ఆకర్షించెను. మధ్యరకపు దేహము, దానికి మించిన పెద్ద యంత్రము, రెండే తలుపులు, సామాన్య గృహస్థుని కుమారుడు కొనగలిగిన వెల, ఇవియే వాని లక్షణములు. అచ్చటివారు వీనిని మజిల్ కార్లందురు. కండబలము గల కార్లని మనము చెప్పుకొనవచ్చును. 1964లో పాంటియాక్ వారు 389 ఘనాంగుళముల యంత్రమును మధ్యరకపు కారులో నమర్చి జీ.టీ.ఓ. అను పేర అమ్ముటతో ఈ కాలము మొదలైనదని పలువురు చెప్పుదురు. 1970లో గాలి శుభ్రతకై అచ్చటి ప్రభుత్వము కఠినమైన చట్టము చేసెను. బీమా ఖర్చులు పెరిగెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు నూనె పంపుట నిలిపెను. అంతటితో వాని వైభవము తగ్గెను గాని వానిమీది మమకారము నేటికిని తగ్గలేదు. డిట్రాయిట్ నగరపు వుడ్‌వర్డ్ అవెన్యూ అను రాజమార్గమున 1995లో మొదలైన ఉత్సవమునందు, ఆగస్టు మాసమున, వేలకొలది పాతకార్లు బారులు తీరి నడచుచుండును.

ఈ కార్లలో పెక్కింటికి ముందుభాగము వంగి వెనుకభాగము లేచియుండుట క్రొత్తవారికి వింతగా దోచును. దూకబోవు పిల్లి నిలుచు తీరది. పందెములలో పరుగెత్తువారు వెనుక వెడల్పయిన టైర్లు తొడుగ మొదలిడిరి. అవి చక్రముపైనున్న రేకుకు తగులకుండుటకై వెనుకభాగమును కొంత యెత్తవలసివచ్చెను. అవసరముచేత పుట్టినది పిమ్మట అలంకారమాయెను. 1970-80 నడుమ టైర్లు మార్చనివారు సహితము తమ కార్ల తోకలెత్తుకొని తిరిగిరట.

గత వేసవి సెలవులలో దేవుని కృపవలన మేము డిట్రాయిట్ సమీపమున నున్న మా అక్కయ్యగారి యింటికి పోయి, యైదు వారములుంటిమి. వారి పొరుగున భార్యను పోగొట్టుకొని ఒంటరిగానున్న యొక వృద్ధుడు కలడు. మోటారు కర్మాగారములో పనిముట్లు చేయు పనివాడుగా నుండి విశ్రాంతి పొందినవాడు. 1970లో తాను క్రొత్తగా కొన్న ప్లిమత్ డస్టర్ కారును ఆయన యేబదియేండ్లకు పైగా తానే నడపి, తానే బాగుచేసికొని, కన్నుల చూపు తగ్గినపిమ్మట మా మేనల్లునికిచ్చెను. పదునేడేండ్ల ఆ బాలుడు నాలుగు శీతకాలములు ఆయన వాకిట మంచు తీసినవాడు. డబ్బు పుచ్చుకొనలేదు గనుక ఈ విధముగా ముట్టినదని ఆయన మాట. ఆ కారునకు 340 ఘనాంగుళముల యంత్రము, 275 గుఱ్ఱముల బలము. ప్లిమత్ అను పేరే 2001లో అంతరించినది. కారు మాత్రము నడచుచున్నది.

అయితే దాని వెనుకభాగము క్రుంగియుండెను. రోడ్డుపై చిన్న గతుకు వచ్చినను ఎడమవైపు టైరు పైరేకుకు రాచుకొనెడిది. టైరు ప్రక్కగోడపై చంద్రవంకవలె నొక గీత పడియుండుట మా బావగారు చూచిరి. ఆయన స్వయముగా ఇంజనీరు. ఆ గీతను వ్రేలితో తడవి చూచి, "ఇంకొక నెల యిట్లే నడచిన ఈ టైరు పగులును. చెల్లెలిని కూర్చుండబెట్టుకొని నీవు అరువది మైళ్ల వేగమున పోవునప్పుడే పగులును. కారును ఆయనకు తిరిగి యిచ్చివేయుము" అనిరి. బాలుడు పొడవైన ఇనుపబద్దలు రెండు జతలు ముందే తెప్పించియుంచెను. "అరపూట పని, నాన్నగారూ. రెండంగుళములు లేచును" అనెను. తండ్రి వినలేదు. ఆ పిమ్మట రెండు దినములు ఆ యింట భోజనపు బల్లయొద్ద ఎవరును మాటలాడలేదు. మా అక్కయ్య మాతో, "తమ్ముడా, నీవు బడిపంతులవు గదా, వారిద్దరికిని నీవే చెప్పుము" అనెను. మాకు మోటారుకార్లు తెలియవు గాని త్రాసులు, వాలుబల్లలు తెలియును. కావున గజపుబద్దయు, కాగితమును తీసికొని కారు క్రిందికి తొంగిచూచితిమి.

ఆ కారు వెనుక ఇరుసు రెండు కమాను కట్టలపై నిలిచియున్నది. కమాను కట్టయన నేమో మన జట్కా నెరిగిన పెద్దలకు చెప్పనక్కరలేదు. విజయవాడ ఆటోనగరులో లారీలక్రింద చూచినవారికిని చెప్పనక్కరలేదు. ఒకదానికంటె నొకటి పొట్టియైన ఉక్కుపట్టీలు పేర్చి, వంచిన బోల్టులతో ఇరుసునకు బిగింతురు. కట్ట ముందుచివర కారునకు స్థిరముగా తగిలించబడును. వెనుకచివర మాత్రము రెండు చిన్న బద్దలనుండి ఊయలవలె వ్రేలాడును. ఏలయన బరువు పడి వంపు తగ్గినపుడు కట్ట పొడవగును, ఆ పొడవునకు చోటు కావలయును. ఈ చిన్న బద్దలనే షాకిళ్లందురు. మేనల్లుడు తెప్పించినవి ఇట్టి బద్దలే, పొడవైనవి. కమాను అను మాట ఆ బాలుడు అంతవరకు వినలేదట. విని సంతోషించి గోడమీద వ్రాసికొనెను.

బద్దను రెండంగుళములు పొడిగించిన కారు రెండంగుళములు లేచునా? లేవదు. ముందుచివర కదలదు, వెనుకచివర మాత్రమే దిగును, ఇరుసు నడుమ నున్నది. తుల మధ్యనున్న బిందువు చివరతోపాటు కదలుట సగమే. ఈ డస్టరులో ఇరుసు కట్ట నడుమనుగాక ముందుకు జరిగియున్నది. యంత్రము బలముగా లాగునపుడు ఇరుసు మెలిదిరుగకుండ పట్టియుంచుటకై ముందుసగమును పొట్టిగా, బిరుసుగా చేసిరి. కావున ఇందు సగముకూడ రాదు. మేనల్లుడు మా లెక్కను రెండుసార్లు తానే చేసి చూచుకొనెను. ఇంతకు మించిన దోషము వేరొకటి కలదు. పొడవైన బద్దలమీద వ్రేలాడు కారు మలుపులలో ప్రక్కకు ఊగును. పొరుగింటి వృద్ధుడు తాను యువకుడుగా నున్నపుడు అట్టివి పెట్టి ఒక వేసవి నడపి తీసివేసితినని చెప్పెను. "కారు ఒకవైపు, నేనొకవైపు పోవుచుంటిమి" అని నవ్వెను.

గాలి నింపెడి షాకబ్సార్బర్లు రెండవ యుపాయము. గాలి కొట్టిన క్షణములో తోక లేచును. ఆ కాలపు యువకులకు ప్రాణప్రదములు. కాని కారు బరువును మోయుట కమానుల పని. షాకబ్సార్బరు ఊపును అణచుటకు పుట్టినది, దానిని తగిలించిన చోటును అందుకే చేసిరి. ఆ చోటున బరువు మోపిన పాత ఇనుము చీలవచ్చును. రెండింటిని ఒకే గొట్టముతో కలిపినయెడల మలుపులో నొకవైపు గాలి రెండవవైపునకు పోయి, కారు మరింత ఒరగును. దీనిని గూర్చి తండ్రికొడుకు లిద్దరును వెంటనే ఏకీభవించిరి. రెండు దినములలో వారు కలిసి యొప్పుకొన్న మొదటి మాట యిదియే.

ఇక కమానులనే చూడవలసియుండెను. వృద్ధుని యొద్ద నొక చిన్న పుస్తకము కలదు. కారు కొన్న వారమున నేలనుండి పైరేకు అంచువరకు ఎత్తు నాలుగు చక్రములయొద్దను కొలిచి వ్రాసియుంచెను. పనిముట్లు చేయువాని బుద్ధి యట్టిది. దానితో పోల్చగా కారు వెనుక ఎడమవైపు 1¾ అంగుళములు, కుడివైపు 1¼ అంగుళములు దిగియుండెను. అమెరికాలో నడపువాడు ఎడమవైపున కూర్చుండును. ఏబదియేండ్లు ఆయన చాలవరకు ఒంటరిగా ప్రయాణము చేసెను. ఈ అరయంగుళపు భేదము దానివల్లనే కలిగినదని మా యూహ. బావగారు ఆ పుస్తకము తెరచి చాలసేపు చూచిరి. ఆనాటినుండి కారు తిరిగి యిచ్చివేయుమన్న మాట మరల ఎత్తలేదు.

పాత పట్టీలను సుత్తితో కొట్టి వంపు తెచ్చుట కలదు గాని, మరల కాచి పదును పెట్టనిదే ఆ వంపు నిలువదు. మరియొక పట్టీ చేర్చుటయు కలదు. అప్పుడు కట్ట బిరుసగును. పట్టీ మందము రెట్టింపైన దాని బిరుసు ఎనిమిది రెట్లగునని మా విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక; మందపు పట్టీ యొకటి పొరపాటున చేర్చినను ప్రయాణము రాళ్లబండిపై నెక్కినట్లుండును. కావున పాత సంఖ్యలోనే పట్టీలుండి, వంపు ఒక్క అంగుళము మాత్రము హెచ్చుగా నున్న క్రొత్త కట్టలను చేయించిరి. బాలుడు మూడంగుళములు కావలెననెను. వృద్ధుడు టైరునకును రేకునకును నడుమ తన రెండు వ్రేళ్లుంచి, "ఇంత చోటు చాలును" అనెను. ఆయన మాట అంతటితో శాసనమాయెను.

ఒక శనివారము ప్రొద్దుననే పని మొదలుపెట్టిరి. ముందు చక్రములకు దిమ్మలడ్డుపెట్టి, వెనుకభాగమును జాకీతో నెత్తి, చట్రము క్రింద బలమైన ఇనుప పీటలుంచిరి. ఒక్క జాకీమీద నిలిచిన కారుక్రింద తల పెట్టరాదు. ఈ మాట చదువుచున్న బాలురందరితోను మేము మరల చెప్పుచున్నాము. రెండవ జాకీ ఇరుసును మోసెను. త్రుప్పు పట్టిన ముందుబోల్టు ఒక్కటి ఊడుటకు మూడు గంటలు పట్టెను; ఆ మూడు గంటలును తండ్రియు కొడుకును ఒకే కారుక్రింద పరుండి ఒకే గొట్టము పట్టుకొని త్రిప్పుచుండిరి. వంచిన బోల్టులను మరల వాడక క్రొత్తవే వేసిరి. ఇరుసు వ్రేలాడునపుడు బ్రేకుల రబ్బరు గొట్టము బిగిసిపోకుండునా, షాకబ్సార్బరులు పూర్తిగా చాగిపోకుండునా యని చూచిరి. ఇక కమాను కన్నులలోని రబ్బరుల బోల్టులను గట్టిగా బిగించుట మాత్రము కారును నేలకు దింపి, బరువు దానిపై పడిన తరువాతనే చేసిరి. గాలిలో బిగించినయెడల రబ్బరు మెలిపడియేయుండి త్వరలో చినిగిపోవును. దీనిని వృద్ధుడు కుర్చీలో కూర్చుండియే చెప్పుచుండెను.

కారు వెనుక సగటున 2½ అంగుళములు లేచెను. ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 108 అంగుళములు. కావున కారు ముందుకు సుమారు 1⅓ డిగ్రీలు వాలినది. ఈ వాలు చిన్నదే యైనను దాని ఫలము లనేకములు. 25 అడుగుల దూరమున గోడమీద పడు దీపకాంతి సుమారు 7 అంగుళములు క్రిందికి దిగవలెనని లెక్క తేలెను. చీకటిపడిన పిమ్మట గ్యారేజీ తలుపుపై సుద్దముక్కతో గీచి చూడగా 7 అంగుళములకు కొంచెమే తక్కువ. మా మేనల్లుడు కేకవేసెను; పాఠశాలలో త్రికోణమితి యనిన ముఖము ముడుచుకొనువాడట. ముందు చక్రములను తిన్నగా నడుపు కాస్టరు కోణమును అంతే తగ్గును గనుక, దానిని సరిచేయువరకు పెద్దరోడ్డు ఎక్కరాదని బావగారు శాసించిరి. మరునాటి సోమవారమున సరిచేయించిరి.

తోకయెత్తిన బరువంతయు ముందుకు పడునని చాలమంది నమ్ముదురు. అదియు లెక్కవేసితిమి. కారు బరువు 3,200 పౌనులు, గురుత్వకేంద్రము 20 అంగుళముల యెత్తున నున్నవనుకొనిన, ముందు చక్రములపై హెచ్చు బరువు 14 పౌనులకు మించదు. ఒక బియ్యపు మూటలో చిన్నభాగము. "ఇంతేనా?" అని బాలుడు నిరాశపడెను.

జూన్ మాసమున బడి తెరచువేళకు మేము తిరిగి వచ్చితిమి. సెప్టెంబరులో మేనల్లునియొద్దనుండి జాబు వచ్చినది. రెండు కట్టలును సమముగా పావంగుళము చొప్పున దిగి నిలిచినవట. క్రొత్త కమానులకది సహజము. ఆ కొలతలను వృద్ధుని పుస్తకములో, 1970 నాటి వ్రాతక్రింద, వ్రాసెనట. ఆగస్టు ఉత్సవమునకు వృద్ధుడు ప్రక్కనను, చెల్లెలు, బావగారు వెనుకను కూర్చుండి పోయిరట. మొదటి గతుకు దాటగానే వృద్ధుడు కారు నాపుమని, మెల్లగా దిగి, ఎడమ టైరునకును రేకునకును నడుమ వ్రేళ్లు పెట్టి చూచి, మరల వచ్చి కూర్చుండి తలుపు వేసికొనెనట.